నీళ్ళ సీసా తీసేసి ల్యాప్‌టాప్ మోశాను

మొన్న ఆదివారం అన్నయ్యతో ఫోన్‌లో మాట్లాడుతూ కొత్త ల్యాప్‌టాప్ సంగతి చెప్పాను. రెండు చూశాను. ఒకటి 55 వేలు, ఇంకోటి 78 వేలు. ప్రాసెసర్, ర్యామ్, స్టోరేజీ ఇంచుమించు ఒకటే. రెండోది తేలిక. ఎంత తేలిక అని అడిగాడు. ఛార్జరుతో కలిపి ఏడు వందల గ్రాములు తక్కువ అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఏడు వందల గ్రాముల కోసం ఇరవై మూడు వేలా? గ్రాముల లెక్కన బంగారం కొంటారు గానీ ల్యాప్‌టాప్ కొంటారా ఎవరైనా?" అన్నాడు.

నా మంచి కోరే అన్నాడు. నా జీతం ఎంతో, పిల్ల కాలేజీ ఫీజు ఎంతో వాడికి తెలుసు. కానీ వాడి ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చింది, అది కారు వెనక సీట్లో ఆఫీసుకి వెళ్ళి వస్తుంది. బరువు ఎంతో వాడికి ఎప్పుడూ తెలియాల్సిన అవసరం రాలేదు. ఆ మాట చెబితే బాధపడతాడని ఊరుకున్నాను. వారం రోజులుగా మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇరవై మూడు వేలు చిన్న డబ్బు కాదు. వాడికి చెప్పకపోయినా నాకు నేనైనా జవాబు చెప్పుకోవాలి.

నేను విజయవాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర పదకొండేళ్ళుగా పని చేస్తున్నాను. చిన్న ఆఫీసు, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళదే. వారంలో రెండు మూడు రోజులు క్లయింట్ల దగ్గరికి వెళ్ళాలి. గుడివాడలో రైస్ మిల్లులు, మచిలీపట్నంలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసేవాళ్ళు, ఇంకా అక్కడక్కడా ఎరువుల షాపులు. ప్రయాణం బస్సులోనే. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చే స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి టికెట్ డబ్బులు మిగులుతున్నాయి. బందరు (మచిలీపట్నం) బస్సులో సీటు దొరికితే దొరికినట్టు, లేకపోతే కంకిపాడు దాటి ఉయ్యూరు దాకా నిలబడటం నాకు కొత్త కాదు.

కొత్తది ఎలాగూ కొనక తప్పదు. ఇప్పుడున్నది 2018లో కొన్నాను. 15.6 అంగుళాల తెర, డీవీడీ డ్రైవు, 2.2 కిలోల బరువు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. నా ప్రాసెసర్ ఏడో తరానిది, విండోస్ 11 అడిగేది ఎనిమిదో తరం నుంచి. క్లయింట్ల లెక్కలు, పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు పెట్టుకుని అప్‌డేట్లు రాని మెషీన్‌తో పని చేయడానికి నాకు మనసొప్పదు. అందుకే కొనాలా వద్దా అన్నది కాదు నా ప్రశ్న. బరువు తగ్గడానికి డబ్బు పెట్టొచ్చా, పెట్టకూడదా అన్నదే.

మిల్లు కాటా మీద

జూన్‌లో ఒకరోజు గుడివాడ మిల్లులో నా బ్యాగు భుజం మీంచి దించుతుంటే గుమాస్తా గారు చూశారు. ఆయన నాకంటే పెద్దవారు, ఎన్నో ఏళ్ళుగా తెలుసు. "ఏం మోస్తున్నారమ్మా అంత?" అంటూ బ్యాగు అందుకుని పక్కనే ఉన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టారు. ఆరున్నర కిలోలు. నేను నాలుగు, నాలుగున్నర అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

అన్నీ బయటికి తీసి ఒక్కొక్కటీ తూచాం. ల్యాప్‌టాప్ 2.2 కిలోలు. దాని ఛార్జరు, తీగలు కలిపి 450 గ్రాములు. ఖాళీ బ్యాగు 900 గ్రాములు. లీటరు స్టీలు సీసా నీళ్ళతో కిలోంబావు. క్యారేజీ 700. ఫైళ్ళు 600. గొడుగు, పర్సు, ఫోను, సంతకాల టోకెన్ (డిజిటల్ సంతకం కోసం కంప్యూటర్‌కి పెట్టే చిన్న పరికరం), చిన్నాచితకా కలిపి 400. అంకెలతో బతికే మనిషిని, ఆ జాబితా చూశాక తేలిగ్గా తీసుకోలేకపోయాను. నేను అనుకున్నట్టు ల్యాప్‌టాపే మొత్తం బరువు కాదు. ఛార్జరుతో కలిపినా సగం కంటే తక్కువే.

స్కూలు బ్యాగుల మీద కేంద్రం 2020లో తెచ్చిన విధానంలో, పిల్లల బరువులో పదో వంతుకి మించి బ్యాగు ఉండకూడదని ఉంది. మా అమ్మాయి హైస్కూల్లో ఉన్నప్పుడు ఆ సంగతి పట్టుకుని టీచరు గారితో మాట్లాడాను కూడా. అది పిల్లల లెక్క, నాకు వర్తించదు. కానీ ఏదో ఒక గీత ఉండాలి కదా అని దాన్నే పెట్టుకున్నాను. నా బరువు 48 కిలోలు. పదో వంతు అంటే 4.8. మోస్తున్నది 6.5.

డబ్బు పెట్టకుండా తగ్గేవి ముందు తగ్గించాను. బ్యాగు మార్చాను, పల్చటి గుడ్డతో చేసిన రెండు పట్టీలది, ఇంట్లోనే ఉంది, 400 గ్రాములు. ఫైళ్ళలో సంతకాలు కావాల్సినవి తప్ప మిగతావి స్కాన్ చేసి ఇంట్లో పెట్టాను, ఐదు వందల గ్రాములు తగ్గింది. లీటరు సీసా బదులు అర లీటరు ప్లాస్టిక్ సీసా పెట్టుకున్నాను, ఏడు వందలు తగ్గింది. మొత్తం సరిగ్గా 4.8 అయింది. ఆ రోజు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. అప్పుడు అన్నయ్య ఫోన్ చేసి ఉంటే, తేలికది ఎందుకు, మామూలుదే కొంటాను అనేదాన్నేమో.

నీళ్ళు

ఐదు వారాలు అలా తిరిగాను. భుజం నొప్పి నిజంగానే తగ్గింది. కానీ మధ్యాహ్నానికి సీసా ఖాళీ అయ్యేది. మిల్లుల్లో, వర్క్‌షాపుల్లో నీళ్ళు అడిగితే ఎవరూ లేదనరు. అడగనిది నేనే. ఆడవాళ్ళకు బాత్‌రూమ్ ఉందో లేదో తెలియని చోట నీళ్ళు తాగడం తగ్గించేస్తాం. క్లయింట్ల దగ్గరికి తిరిగే నా తోటి ఆడవాళ్ళు అందరూ చేసే పనే ఇది, ఎవరూ పైకి చెప్పరు. అదివరకు లీటరు సీసా దగ్గరుంటే ఇంటికి వచ్చే దారిలో, బస్సు దిగాక, కొంచెం కొంచెంగా అయినా తాగేదాన్ని. సీసా చిన్నదయ్యాక అదీ పోయింది.

జులై ఆఖరులో మంట, జ్వరం. యూరిన్ ఇన్ఫెక్షన్ అని డాక్టరమ్మ మందులు రాసింది. రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతున్నావని అడిగింది. చెప్పాను. బరువు తగ్గించుకోవడానికి సీసా మార్చానని కూడా చెప్పాను. ఆమె రాయడం ఆపి నా వైపు చూసి, "తీసెయ్యడానికి బ్యాగులో ఇంకేం దొరకలేదా?" అంది.

నాలుగు రోజులు మంచం మీద ఉండి ఆ మాటే ఆలోచించాను. బ్యాగులో ఉన్నవన్నీ బరువులే, కానీ అన్నీ ఒకటి కాదు. నీళ్ళు, అన్నం నా ఒంటికి కావాల్సినవి. ల్యాప్‌టాప్, ఛార్జరు, ఫైళ్ళు పని కోసం మోస్తున్నవి. పని బరువు అలాగే ఉంచి ఒంటికి కావాల్సిన దాంట్లో కోత పెట్టాను. అది ఎందుకు ముందు తట్టిందంటే, నీళ్ళు తీసేయడానికి డబ్బు అక్కర్లేదు. ల్యాప్‌టాప్ బరువు తగ్గాలంటే డబ్బు కావాలి. మనం ఎప్పుడూ చేసేది ఇదే: డబ్బు ఖర్చయ్యే దారి పక్కన పెట్టి, ఒళ్ళు ఖర్చయ్యే దారి పట్టడం. అందులో ఆడవాళ్ళం ఇంకా తొందరపడతాం.

అన్నయ్య అడిగిన ఏడు వందల గ్రాములు ఇవే. లీటరు సీసాకీ అర లీటరు సీసాకీ మధ్య తేడా ఏడు వందల గ్రాములు. మామూలు ల్యాప్‌టాప్‌కీ తేలిక ల్యాప్‌టాప్‌కీ మధ్య తేడా కూడా దాదాపు అంతే. నేను 23 వేలు పెట్టి కొనాలనుకుంటున్నది నా నీళ్ళ సీసాకి చోటు.

కవర్లో లేని ఛార్జరు

మా సార్ ఎనభైల్లో ప్రాక్టీసు మొదలుపెట్టారు. అప్పట్లో ఎర్ర గుడ్డ అట్టల చిట్టా, ఆవర్జా లెక్కల పుస్తకాలు మూట కట్టుకుని క్లయింటు గుమాస్తానే ఆఫీసుకి తెచ్చేవాడట. ఆడిటర్ దగ్గర పనిచేసేవాళ్ళ చేతిలో పెన్ను, పెన్సిలు తప్ప ఏమీ ఉండేది కాదు. లెక్కలన్నీ కంప్యూటర్లోకి వచ్చాక పుస్తకాల బరువు పోయిందని అందరూ అంటారు. పోలేదు, ఆ గుమాస్తా చేతిలోంచి నా భుజం మీదికి వచ్చింది.

మోసుకెళ్ళే కంప్యూటర్ అని 1981లో అమ్మిన ఆస్బోర్న్ 1 దాదాపు 11 కిలోలు ఉండేది, తెర ఐదు అంగుళాలు. అక్కడి నుంచి 2008 జనవరికి వస్తే, స్టీవ్ జాబ్స్ మ్యాక్‌బుక్ ఎయిర్‌ని ఆఫీసు కాగితాలు పెట్టుకునే కవర్లోంచి బయటికి తీసి చూపించాడు. బరువు 1.36 కిలోలు. ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను, ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ కవర్లో ఛార్జరు లేదు. డీవీడీ డ్రైవు లేదు, యూఎస్‌బీ పోర్టు ఒక్కటే. తేలిక ల్యాప్‌టాప్ కొనేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే అనిపిస్తుంది. కంపెనీలు చెప్పేది మెషీన్ బరువు. మనం మోసేది ఛార్జరు, అడాప్టర్లు, బయట పెట్టుకోవాల్సిన ప్రతి వస్తువుతో కలిపి.

అందుకే బందరు రోడ్డులో షాపుకి వెళ్ళినప్పుడు నా బ్యాగు ఎప్పటిలాగే సర్దుకుని వెళ్ళాను, లీటరు సీసాతో సహా. షాపు కుర్రాడు తేలిక మోడల్ నా చేతిలో పెట్టి చూడండి మేడమ్ అన్నాడు. చేతిలో పది సెకన్లు పట్టుకుంటే ఏదైనా తేలికే. దాన్నీ దాని ఛార్జరునీ నా బ్యాగులో పెట్టి మెట్లు ఎక్కి దిగొచ్చా అని అడిగాను. మొదట తటపటాయించాడు, తర్వాత తనూ వెంట వచ్చాడు. రెండు అంతస్తులు ఎక్కి దిగాను. తర్వాత మామూలు మోడల్ పెట్టుకుని మళ్ళీ ఎక్కాను. మొదటి అంతస్తులో తేడా తెలియలేదు. రెండోసారి దిగేటప్పుడు తెలిసింది, కుడి భుజం దగ్గర, నాకు బాగా తెలిసిన చోటే.

తేలిక మోడల్ 14 అంగుళాలది, 1.2 కిలోలు. టైప్-సీ ఛార్జరు 220 గ్రాములు, ఫోనుకీ అదే పనికొస్తుంది. మామూలుది 15.6 అంగుళాలు, 1.75 కిలోలు, ఛార్జరు 350. కిలోలోపు ఉన్నది కూడా ఒకటి చూపించాడు, ధర లక్ష దాటింది. రెండు వందల గ్రాములకు ఇంకో పాతిక ముప్పై వేలు. అక్కడ మాత్రం అన్నయ్య మాటే నా మాట. పైగా బరువు తగ్గించడానికి అన్నిటికంటే సులువైన దారి చిన్న బ్యాటరీ పెట్టడం. బ్యాటరీ చిన్నదైతే ఛార్జరు ఇంట్లో వదిలి వెళ్ళలేం, తగ్గిన బరువు తిరిగి బ్యాగులోకి వస్తుంది. ఎవరు కొన్నా పెట్టె మీద బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లని (అంటే ఎంత కరెంటు నిలవ ఉంటుందని) రాసి ఉందో చూడండి. నేను చూసిన 1.2 కిలోల దాంట్లో 60 ఉంది, అది చాలు.

ల్యాప్‌టాప్ పైమూత వేలితో నొక్కితే కొంచెం లోపలికి వెళ్ళింది. మెగ్నీషియం మిశ్రమం అన్నాడు కుర్రాడు. ముట్టుకుంటే ప్లాస్టిక్‌లా ఉంది గానీ ఆ లోహం అంతే. అల్యూమినియం ఘనపు సెంటీమీటరుకి 2.7 గ్రాములైతే మెగ్నీషియం 1.74. అది బలహీనం అనుకోనక్కర్లేదు. అయినా నిండు బస్సులో ఎవరి మోచెయ్యి ఎక్కడ తగులుతుందో తెలియదు కాబట్టి దానికి మెత్తటి తొడుగు కొనాలి. అది ఇంకో నూట యాభై గ్రాములు.

నాకు తెగని సందేహాలు

అన్నిటికంటే పెద్దది నంబర్ ప్యాడ్. 14 అంగుళాల వాటిలో మామూలుగా అది ఉండదు. నా కుడి చెయ్యి పదకొండేళ్ళుగా కుడివైపు అంకెల మీదే నడుస్తోంది. చూడకుండా కొడతాను. పై వరసలో అంకెలు వెతుక్కుంటూ ఓచర్లు ఎక్కించడం నేను ఊహించలేను. విడిగా యూఎస్‌బీ ప్యాడ్ దొరుకుతుంది, వంద గ్రాములు. తొడుగుతో, ప్యాడ్‌తో కలిపి ఏడు వందలు కాస్తా నాలుగు వందల యాభైకి దిగుతుంది. మామూలుదానికీ తొడుగు వేస్తాం కాబట్టి ఆరు వందలు అనుకోవచ్చు. ఎలా అనుకున్నా లెక్క మొదట్లో చూసినంత గొప్పగా లేదు.

రెండోది పోర్టులు. రిటర్నులు వేయడానికి వాడే డిజిటల్ సంతకాల టోకెన్లు పాత వెడల్పు యూఎస్‌బీవి. మా ఆఫీసులో డబ్బా నిండా ఉంటాయి, ఒక్కో క్లయింటుది ఒకటి. చాలా పల్చటి మెషీన్లలో టైప్-సీ మాత్రమే ఇస్తున్నారు. అడాప్టర్ పెట్టుకోవచ్చు అంటారు. గడువు చివరి రోజు రాత్రి అడాప్టర్ కనపడకపోతే వచ్చే టెన్షన్ అనేవాళ్ళకు తెలియదు. అందుకే వెడల్పు పోర్టు ఒక్కటైనా లేనిది నేను చూడనే లేదు. మ్యాక్‌బుక్ సంగతి ఎత్తనిది కూడా ఇందుకే, మేం లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ దాని మీద నేరుగా నడవదు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న తేలిక విండోస్ మెషీన్లకి బ్యాటరీ బాగా వస్తుంది గానీ, టోకెన్ లాంటి వాటికి ఆ చిప్ కోసమే రాసిన డ్రైవర్ (వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్) ఉండాలి. ఆడిట్ సీజన్లో ప్రయోగాలు చేయలేను.

మూడోది నన్ను ఎక్కువ బాధపెడుతున్నది. నా పాత మెషీన్ ఏడేళ్ళు ఎందుకు వచ్చింది? నాలుగు జీబీల ర్యామ్‌తో కొన్నాను, రెండేళ్ళకి ఇంకో నాలుగు కలిపాను. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించాను. వెనక మూత విప్పితే అన్నీ అందేవి. ఇప్పటి తేలిక వాటిలో చాలా మటుకు ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచలేం. పాడైతే బోర్డు మొత్తం మార్చాలంటారు. మామూలు మోడల్లో ర్యామ్ పెంచుకునే స్లాటు ఉంది. తేలికదనం కోసం నేను ఆ స్లాటును వదులుకుంటున్నాను. అది నాకు ఇష్టం లేదు, కానీ మొదటే 16 జీబీ తీసుకోవడం తప్ప దీనికి నా దగ్గర జవాబు లేదు.

గీత పెట్టుకున్నాను కదా, దాని ప్రకారం కూడా చూశాను. కొత్త బ్యాగు, తగ్గిన ఫైళ్ళు, లీటరు సీసాతో మామూలు మోడల్ పెట్టుకుంటే 4.95 కిలోలు. తేలికది, నంబర్ ప్యాడ్ కలిపితే 4.37. నా గీత 4.8. నూట యాభై గ్రాములు దాటితే ఏమైపోతుందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. గీత నేను గీసుకున్నదే. కానీ ఉయ్యూరు దాకా నిలబడ్డ రోజు సాయంత్రం ఇంటికొచ్చి జడ వేసుకోవడానికి చెయ్యి లేవకపోవడం నేను గీసుకున్నది కాదు.

డబ్బు లెక్క కూడా వేశాను. ఏడాదికి 120 రోజులు బయటికి తిరుగుతాను. ఐదేళ్ళు వస్తే 600 రోజులు. ఇరవై మూడు వేలను పంచితే రోజుకు 38 రూపాయలు. ర్యామ్ భయం నిజమై నాలుగేళ్ళకే మార్చాల్సి వస్తే 48. వర్షం వస్తే బస్టాండు నుంచి మిల్లుకి ఆటోకి ఇంతకంటే ఎక్కువే ఇస్తాను, అందుకు ఎప్పుడూ ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.

ఎవరికి అక్కర్లేదు

మా ఆఫీసులో ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన ట్రైనింగ్) చేస్తున్న కుర్రాడు రెండున్నర కిలోల గేమింగ్ ల్యాప్‌టాప్ మోస్తాడు. బండి మీద బ్యాగు ముందు పెట్టుకుంటాడు, ఆఫీసులో దించుతాడు. వాడికి తేలికది కొనమని నేను చెప్పను. మా అమ్మాయి హాస్టల్లో ఉంటుంది, ల్యాప్‌టాప్ బల్ల మీంచి కదలదు. దానికీ అక్కర్లేదు. ఆ 23 వేలతో పెద్ద తెర, మంచి కుర్చీ కొనుక్కోవచ్చు. తేలిక అనేది పేరులో ఉంది కదా అని, పల్చగా అందంగా ఉంది కదా అని కొనేవాళ్ళని నేను సమర్థించడం లేదు. బల్ల మీద ఉండే మెషీన్‌కి బరువుతో పనేముంది?

నేను చెప్పేది మోసేవాళ్ళ గురించి. మందుల కంపెనీల రెప్రజెంటేటివ్‌లు, బీమా ఏజెంట్లు, రెండు కాలేజీల్లో పాఠాలు చెప్పే పార్ట్‌టైమ్ లెక్చరర్లు, సర్వేలకు తిరిగేవాళ్ళు, సొంత బండి లేనివాళ్ళు. తేలిక వస్తువు డబ్బున్నవాళ్ళ సోకు అని మనలో ఒక అభిప్రాయం ఉంది. ధరలు చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ డబ్బున్నవాళ్ళ బ్యాగు కార్లో వెళ్తుంది. నిజంగా ఆ తేలికదనం అవసరమైనది బస్సులో నిలబడేవాళ్ళకి, సరిగ్గా వాళ్ళకే అది అందని ధరలో ఉంది. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. మా ఆఫీసులో ఈ మాట సార్ దగ్గర ఎత్తాను. సగం ఇవ్వలేను గానీ ఐదు వేలు ఇస్తానన్నారు. అడగకపోతే అదీ వచ్చేది కాదు.

నిన్న రాత్రి అన్నయ్యకి మళ్ళీ ఫోన్ చేశాను. ఇన్ఫెక్షన్ సంగతి వాడికి ఇంతవరకు చెప్పలేదు, చెప్పాను. నీళ్ళ సీసా సంగతి కూడా. "ముందే చెప్పొచ్చు కదే" అన్నాడు. ఆ తర్వాత అసలు మాట అన్నాడు: "పోనీ దసరా దాకా ఆగు, ఆఫర్లు వస్తాయి. నాలుగైదు వేలు తగ్గుతుంది."

అది సరైన మాటే. కానీ ట్యాక్స్ ఆడిట్ గడువు సెప్టెంబరు 30. ఈ నెల రోజుల్లో గుడివాడ, బందరు ఎన్నిసార్లు వెళ్ళాలో నా డైరీలో రాసి ఉంది: పద్దెనిమిది రోజులు. దసరా వచ్చేసరికి మోయాల్సింది మోసేసి ఉంటాను. శనివారం వెళ్ళి 14 అంగుళాలదే తెచ్చుకుంటున్నాను. పాతదాన్ని ఇంట్లో బల్ల మీద పెట్టి, నెట్ కనెక్షన్ తీసేసి, ఓచర్లు ఎక్కించడానికి వాడతాను. దాని నంబర్ ప్యాడ్ ఇంకా బాగానే ఉంది. స్టీలు సీసా కడిగి మళ్ళీ బ్యాగు పక్క జేబులో పెట్టాను.